లారీ ఓనర్ రాజీకి రమ్మంటున్నాడు, సంతకం పెట్టొచ్చా?

మీ బావగారిని సూర్యాపేట దగ్గర లారీ గుద్దేసిందని, పెద్దకర్మ అవకముందే ఓనర్ మనుషులు 4 లక్షలిస్తాం రాజీ కాగితం మీద సంతకం పెట్టమంటున్నారని రాశారు కదండీ, దయచేసి మీ అక్కని ఇప్పుడు ఏ కాగితం మీదా సంతకం పెట్టనివ్వకండి. మా అన్నయ్య లారీ కింద పడి పోయినప్పుడు మా ఇంటికీ ఇలాగే వచ్చారు, ఊరి పెద్దల్ని వెంటేసుకుని మరీ, కేసంటే ఏళ్లు పడుతుంది ఆడకూతురు కోర్టుల చుట్టూ ఏం తిరుగుతుంది అని. వదిన ఒప్పుకోలేదు, ఎంవీఓపీ, అంటే యాక్సిడెంట్ పరిహారం కోసం కోర్టులో వేసే కేసు, వేసింది.

లారీకి ఇన్సూరెన్స్ ఉంటే మామూలుగా డబ్బు కట్టేది కంపెనీయే. ఎంత కట్టాలో కూడా వాళ్ల దయ కాదండీ, లెక్కుంది, సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేఠీ కేసులో ఖాయం చేసింది. అన్నయ్య టైల్స్ మేస్త్రి, 34 ఏళ్లు. కోర్టు నెలకి 15 వేల ఆదాయం తీసుకుంది, 40 లోపు వయసు, సొంత పని కాబట్టి ముందుముందు పెరిగేదానికి 40 శాతం కలిపితే 21 వేలు, అంటే ఏడాదికి 2,52,000, అందులో వదిన, ఇద్దరు పిల్లలు, అమ్మ నలుగురూ ఆయన మీదే బతికారు కాబట్టి ఆయన సొంత ఖర్చు కింద పావు వంతు తీసేస్తే 1,89,000, ఆ వయసుకి మల్టిప్లయర్, అంటే ఏడాది మొత్తాన్ని గుణించే అంకె, 16, మొత్తం 30,24,000. అంత్యక్రియల ఖర్చు లాంటివి దీనికి అదనం. ఇప్పుడు ఆ 4 లక్షల్ని పక్కన పెట్టి చూడండి.

గొడవంతా ఆ 15 వేల దగ్గరే జరిగింది. జీతం స్లిప్పు ఏదీ అని కంపెనీ లాయరు ఒకటే అడగడం. అన్నయ్య బ్యాంకు స్టేట్‌మెంట్, ఫోన్‌పేలో పడ్డ డబ్బులు, పనిచ్చిన కాంట్రాక్టర్ కోర్టుకొచ్చి చెప్పిన సాక్ష్యం, ఇవే నిలబెట్టాయి. అందుకే బావగారి ఫోను, సిమ్ము జాగ్రత్తగా దాచండి, ఆయనకి పనిచ్చినవాళ్లతో ఇప్పుడే మాట్లాడండి. వయసుకి ఆధార్ కాకుండా టెన్త్ సర్టిఫికెట్ తీయండి. ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, చార్జిషీటు కాపీలు స్టేషన్ నుంచి తెచ్చుకోవాలి.

యాక్సిడెంట్ తెలంగాణలో అయినా మీరుండేది గుంటూరు కాబట్టి గుంటూరులోనే కేసు వేయొచ్చు. చట్టంలో ఆరు నెలల గడువు పెట్టారు, 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది, లేట్ చేయొద్దు. వచ్చినదాంట్లో ఇంత శాతం అనే లాయర్లు తగులుతారు, బార్ కౌన్సిల్ రూల్స్ ప్రకారం అది కుదరదు, ఫీజు ముందే మాట్లాడుకోండి, ఖాళీ చెక్కులివ్వకండి. మీ అక్క పేరు మీద విడిగా అకౌంట్ తెరిపించండి, ఆమె వాటా నేరుగా అందులోకే రావాలి, పిల్లల వాటాని మాత్రం కోర్టే వాళ్లకి 18 నిండేదాకా బ్యాంకులో డిపాజిట్ చేయిస్తుంది.