సందేహాలు – సమాధానాలు: పోపా, తాలింపా, తిరగమోతా?

సందేహం: మేం నలుగురం కలిసి తెలుగు వంటల యాప్ ఒకటి చేస్తున్నాం. ఎవరింటి వంట వాళ్లు రాసిపెట్టొచ్చు, నచ్చినవాళ్లు చూసి చేసుకోవచ్చు. ప్రస్తుతం యూజర్ రీసెర్చ్ నడుస్తోంది, అన్ని ప్రాంతాల ఆడవాళ్లతోనూ ఫోన్లో మాట్లాడుతున్నాం. మూడు డౌట్లు వచ్చాయి. యూజర్ అనే మాటకి వినియోగదారుడు అని రాయొచ్చా? పోపు, తాలింపు, తిరగమోతల్లో ఏది సరైన తెలుగు, యాప్‌లో ఏది పెట్టాలి? వంట వీడియోల్లో అందరూ "వేసుకోవాలి, కలుపుకోవాలి" అంటున్నారు, అది తప్పు, "వేయాలి" అనే ఉండాలి అని మా టీమ్‌లో ఒకరు పట్టుబడుతున్నారు, నిజమేనా? – హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: మీ రెండో డౌట్‌తోనే మొదలుపెడతానమ్మా, అసలు చిక్కంతా అక్కడే ఉంది. మూడూ సరైన తెలుగే. ఒకటి మంచిది, ఇంకోటి మోటుది అనేదేమీ లేదు, ఏ ఇంట్లో ఏ మాట పుట్టి పెరిగితే ఆ ఇంటికి అదే సరైనది. తెలంగాణలో ఎక్కువగా పోపు అంటారు, కోస్తాలో పోపూ తాలింపూ రెండూ వినపడతాయి, ఇక తిరగమోత అయితే ఊరు మారితే చాలు రూపం మారిపోతుంది, తిరగమాత అంటారు, తిరగబోత అంటారు, సీమలో తిరగవాత అంటారు. ఇంకో సంగతి కూడా చూడండి, సీమలో తాలింపు అంటే కూర కూడా. "ఈరోజు బీన్స్ తాలింపు చేసినా" అన్నారంటే పోపు పెట్టి పొడిపొడిగా వేయించిన కూర అని అర్థం. మీరు యాప్‌లో ఒక స్టెప్‌కి "తాలింపు" అని పేరు పెడితే అక్కడివాళ్లకి అదొక వంటకం పేరులా కనిపిస్తుంది, దాని కింద ఆవాలూ ఎండుమిర్చీ మాత్రమే ఉంటే కూరేది అని వెతుక్కుంటారు.

అందుకని ఏది పెట్టాలి అనే ప్రశ్ననే కాస్త మార్చుకోండి. రాసేవాళ్లు ఏ మాట రాస్తే ఆ మాటని అలాగే ఉండనివ్వండి. మీరు సర్దాల్సింది సెర్చ్‌ని. పోపు అని కొట్టినా తిరగవాత అని రాసిన వంట దొరకాలి. తిరగవాత అని రాసినావిడ మాటని తీసేసి పోపు అని దిద్దితే ఆ వంట ఆవిడది కాకుండా పోతుంది, మళ్లీ ఇంకోటి రాయాలన్న ఉత్సాహం కూడా పోతుంది.

ఇప్పుడు మీ రీసెర్చ్ గురించి, మీరు అడగలేదు కానీ ఇది చెప్పకపోతే నా సమాధానం సగమే. ఫోన్ చేసి "దీన్ని మీరేమంటారండీ" అని అడిగితే నిజమైన మాట చాలాసార్లు రాదు. కొన్నేళ్ల కిందట మదనపల్లె దగ్గర ఒక పల్లెలో మాటలు సేకరించడానికి వెళ్లాను. వంటింటి గడప దగ్గర నోటుబుక్కు పట్టుకుని కూర్చుని, పప్పులో ఆవాలూ కరివేపాకూ వేసి పెట్టేదాన్ని ఏమంటారమ్మా అని ఆ ఇంటి పెద్దావిడని అడిగాను. ఒక్క క్షణం నా మొహం చూసి, "పోపు అంటాం సార్" అన్నారు. రాసుకున్నాను. ఇంకో పది నిమిషాలకి పప్పు దించి, వెనక్కి తిరక్కుండానే కోడల్ని పిలిచి, "అమ్మీ, తిరగవాత ఎయ్యి" అన్నారు. ఆవిడ అబద్ధం చెప్పలేదు, చదువుకున్నవాడు వచ్చి అడుగుతున్నాడు కదా, పుస్తకాల్లో ఉండే మాట, టీవీలో వినే మాట చెబుదాం అనుకున్నారు, అంతే. నా ప్రశ్న పుస్తకాల తెలుగులో ఉంది, జవాబూ అలాగే వచ్చింది. అప్పటినుంచీ నేను ముందు వంట జరగనిస్తాను, ఇంట్లోవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునేది వింటాను, అడగాల్సినవి ఆ తర్వాత అడుగుతాను. మీరు కూడా కనీసం పది ఇళ్లల్లో వంట అవుతుండగా వెళ్లి కూర్చోండి, ఫోన్ మాటలకన్నా అవి ఎక్కువ పనికొస్తాయి.

ఈ పని తెలుగులో కొత్తేమీ కాదు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వచ్చింది, అది వ్యవసాయ పదాలది. ఆ తర్వాత 1971లో చేనేత పదాలది వచ్చింది. నాగలిలో ఒక్కో ముక్కకి ఏ జిల్లా రైతు ఏమంటాడో, ఊళ్లకి వెళ్లి రైతుల నోట విని రాసిన పుస్తకం ఆ మొదటి సంపుటం. అందులో ఒక మాట పైకి ఇంకో మాట కిందకి పెట్టలేదు, అన్నీ పక్కపక్కనే ఉన్నాయి, ఏది ఎక్కడిదో పక్కన రాసి ఉంది. మీ యాప్‌కి కావాల్సిన పట్టిక సరిగ్గా అలాంటిదే. ఉల్లిపాయ తీసుకోండి, తెలంగాణలో ఉల్లిగడ్డ, సీమలో ఎర్రగడ్డ, కొన్ని ఇళ్లల్లో నీరుల్లి. వెల్లుల్లి అయితే ఎల్లిపాయ, ఎల్లిగడ్డ, తెల్లగడ్డ. బంగాళాదుంప, ఆలుగడ్డ, ఉర్లగడ్డ. గోంగూర, పుంటికూర. పల్లీలు, వేరుశనగలు, శెనక్కాయలు, బుడ్డలు. ఇవన్నీ ఒకే వస్తువుకి పలు పేర్లు కాబట్టి ఒక వరసలో పెట్టేస్తే సరిపోతుంది.

కష్టమైనవి వేరే ఉన్నాయి. కోస్తాలో ఆనపకాయ అంటే సొరకాయ. సీమలో అనపకాయ అంటే అనుములు, చిక్కుడు జాతిది, గింజ నానబెట్టి తొక్క పితికి పులుసు పెడతారే అది. ఒకటి దీర్ఘం, ఒకటి హ్రస్వం, తెలుగులో రాస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. కానీ మీ వాళ్లలో చాలామంది ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొడతారు కదా, అక్కడ అ, ఆ రెండింటికీ ఒకటే అక్షరం, రెండు కాయలూ కలిసిపోతాయి. చిత్తూరావిడ అనపకాయ పులుసు కోసం వెతికితే సొరకాయ పులుసు వస్తుంది. ఇలాంటి చోట మాత్రం యాప్ తనంతట తాను ఊహించకూడదు, రెండు కాయల బొమ్మలూ పెట్టి "ఏది కావాలి" అని అడగాలి.

ఇక మీ మూడో డౌట్. "వేసుకోవాలి" తప్పు కాదు, మీ టీమ్‌లో ఆయనకి చెప్పండి. క్రియకి "కొను" చేరితే ఆ పని ఫలితం చేసినవాళ్లకే అందుతుందని అర్థం, వ్యాకరణంలో ఆత్మార్థకం అంటాం. "తరిగాను" అంటే ఎవరికోసమైనా కావచ్చు, "తరుక్కున్నాను" అంటే నా పనికోసం తరిగి పక్కన ఉంచుకున్నాను అని. ఇప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు వంట చెప్పే తీరు వినండి: "ముందు చింతపండు నానబెట్టుకో, ఉల్లిపాయలు తరిగి పెట్టుకో, కొబ్బరి తురుముకో. తర్వాత బాణలిలో నూనె పోసి ఆవాలు వెయ్యి, చిటపటమన్నాక ఉల్లిపాయలు వేసి మగ్గనివ్వు." పొయ్యి వెలిగించేదాకా అన్నీ "కో" మాటలు, వెలిగించాక "కో" తగ్గిపోతుంది. ఎవరూ నేర్పకుండానే భాష ఇక్కడ ఒక గీత గీసింది, ముందు సిద్ధం చేసుకునేవి ఇటు, వండేవి అటు. మీ స్క్రీన్‌ని కూడా ఆ గీత దగ్గరే రెండు భాగాలు చేసి కాగితం మీద గీసి చూపించండి, చాలామందికి వెంటనే అర్థమవుతుందని నా నమ్మకం. వీడియోల్లో ఎబ్బెట్టుగా వినిపించేది ఎక్కడంటే, చివర్లో "వచ్చినవాళ్లకి వేడివేడిగా వడ్డించుకోవాలి" అన్నప్పుడు. వచ్చినవాళ్లకి అయితే వడ్డించాలి, వడ్డించుకోవడం అంటే ఎవరి కంచంలో వాళ్లు వేసుకోవడం.

మీరు ఉత్తరంతో పాటు పంపిన ఫామ్ నమూనా కూడా చూశాను, అందులో కొలత దగ్గర పెద్ద పొరపాటు ఉంది. ముందు అంకె, పక్కన "చిటికెడు, పిడికెడు, గరిటెడు, గ్లాసుడు" అని లిస్టు పెట్టారు. చిటికెడు అనే మాటలోనే ఒకటి ఉంది, ఆ "ఎడు" అంటే ఒక్కటి, నిండుగా అని. దాని ముందు 1 అక్కర్లేదు, 2 పెడితే అసలు తెలుగే కాదు. చిటికెడు, రెండు చిటికెలు. పిడికెడు, రెండు పిడికిళ్లు. దోసెడు, రెండు దోసిళ్లు. సోలెడు, రెండు సోలలు. మానెడు, రెండు మానికలు. గ్లాసు మనది కాకపోయినా గ్లాసుడు అని మనదాన్ని చేసుకున్నాం, రెండైతే గ్లాసులు. కాబట్టి ప్రతి కొలతకీ ఒకటికి ఒక రూపం, ఎక్కువకి ఇంకో రూపం రాయించండి, మీ ప్రోగ్రామర్‌కి ఇది పెద్ద పని కాదు. సోల, గిద్ద, మానిక లాంటివి పెద్దవాళ్లు రాస్తే వాటిని గ్రాముల్లోకి తిప్పి చెరిపేయకండి, నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని పక్కన చిన్న వివరం ఇస్తే చాలు.

అదే ఫామ్‌లో ప్రతి స్టెప్‌కీ నిమిషాలు తప్పనిసరి చేశారు. మన వంట నిమిషాల్లో నడవదమ్మా, "పచ్చివాసన పోయేదాకా", "నూనె పైకి తేలాక", "దోరగా వేగాక" అని నడుస్తుంది. నిమిషాలు రాయకపోతే ముందుకి పోనివ్వకపోతే వాళ్లు ఏదో ఒక అంకె వేసేస్తారు, చూసి చేసేవాళ్లు ఆ అంకెని నమ్మి కూర మాడబెట్టుకుంటారు. "ఎప్పటిదాకా" అని ఒక ఖాళీ పెట్టండి, నిమిషాలు రాసేవాళ్లు అందులోనే రాస్తారు. "గ్రైండ్ చేయండి" అన్న బొమ్మ కూడా ఒక్కటే ఉంది, మనకి పిండి రుబ్బుతాం, పచ్చడి నూరుతాం, కారం దంచుతాం, తిరగలిలో విసురుతాం. ఇప్పుడన్నీ మిక్సీలోనే అంటారేమో, నిజమే, కానీ పచ్చడి నూరాలి అని రాస్తే కచ్చాపచ్చాగా ఉండాలని చదివినవాళ్లకి తెలుస్తుంది.

స్టార్టర్స్, మెయిన్ కోర్స్, డిజర్ట్ అనే విభాగాలు తీసేయండి. వంటల పేర్లు చీటీల మీద రాసి నలుగురి ముందు పెట్టి, మీకు తోచినట్టు గుట్టలు పెట్టండి అని అడిగి చూడండి. నేనైతే "లోకి" అనే మాట వినపడుతుందని అనుకుంటున్నాను. అన్నంలోకి, ఇడ్లీ దోసెల్లోకి, చపాతీలోకి, సంగటిలోకి, జొన్నరొట్టెలోకి. తెలంగాణలో అదే "అన్నంలకు" అవుతుంది. పొద్దున్నే ఇంట్లో వినపడే ప్రశ్న కూడా "అన్నంలోకి ఏం చెయ్యమంటారు" అనే కదా.

మొదటి డౌట్ చిన్నది. వినియోగదారుడు వద్దు. అది ఎక్కువగా కొనుక్కునేవాళ్లకి, వినియోగదారుల రక్షణ చట్టం అంటామే, ఆ అర్థంలో స్థిరపడింది, పైగా చివర "డు" ఉంది, మీ యాప్‌లో రాసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే ఉంటారు. తెలుగు వికీపీడియాలో "వాడుకరి" అంటున్నారు, చక్కటి మాట, ఆడామగా తేడా లేదు. మీ టీమ్‌లో మాట్లాడుకునేటప్పుడు యూజర్ అన్నా ఏ తప్పూ లేదు, స్క్రీన్ మీద మాత్రం ఆ మాట అవసరమే రాకూడదు, "మీరు" అంటే సరిపోతుంది. "సమర్పించు" అనే బటన్ తీసేసి "వంట పెట్టండి" అనండి, "భద్రపరచు" బదులు "దాచుకోండి" అనండి, ఇక్కడ ఆ "కో" సరిగ్గా అతుకుతుంది. రెసిపీ అనే మాటని ఉంచేయండి, వంటకం అంటే వండిన వస్తువు, రెసిపీ అంటే వండే తీరు, ఆ తేడా అందరికీ తెలిసిందే.

ఆ పది ఇళ్లకీ వెళ్లొచ్చాక మీకు దొరికిన మాటలు, ఏ ఊళ్లో ఎవరితో మాట్లాడుతూ అన్నారో పక్కన రాసి నాకు పంపండి. తిరగమోతకి ఇంకెన్ని రూపాలున్నాయో నాకూ చూడాలని ఉంది.