నైట్రిక్ ఆక్సైడ్ చికిత్సలో పని చేయాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో సీటు వచ్చే ర్యాంకు రాలేదు. మా అన్నయ్య మనవడికి పుట్టగానే ఊపిరి అందకపోతే ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూ) నైట్రిక్ ఆక్సైడ్ ఇచ్చారు. తనూ అలాంటి పనే చేస్తానంటోంది. నీట్ లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు పంపాలా, రెస్పిరేటరీ థెరపీ (శ్వాస చికిత్స) కోర్సులో చేర్పించాలా?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఆ గ్యాస్ ఇవ్వాలా వద్దా అని నిర్ణయించేది తానే కావాలనుకుంటోందా, ఇస్తున్నంతసేపూ కనిపెట్టుకుని ఉండే పని చాలనుకుంటోందా? ముందు ఈ సంగతి అమ్మాయినే అడగండి. నిర్ణయం డాక్టర్‌ది. ఎంబీబీఎస్, పిల్లల వైద్యంలో ఎండీ, ఆపైన నియోనాటాలజీలో (నవజాత శిశువుల వైద్యం) డీఎం పూర్తయ్యేసరికి 11 ఏళ్లు దాటుతుంది. అదే కావాలంటే లాంగ్‌టర్మ్‌కు పంపండి.

కనిపెట్టుకుని ఉండే పనిలో రెస్పిరేటరీ థెరపిస్టుది పెద్ద పాత్ర. దాన్ని తక్కువగా చూడకండి. ఊపిరితో లోపలికి వెళ్లిన నైట్రిక్ ఆక్సైడ్, గాలి చేరే చోటే ఊపిరితిత్తుల రక్తనాళాలను సడలిస్తుంది. రక్తంలో కలవగానే హిమోగ్లోబిన్ దాన్ని పట్టేస్తుంది కాబట్టి ఒంట్లో బీపీ పడిపోదు. పసికందులకు సాధారణంగా పది లక్షల భాగాల్లో 20 భాగాల మోతాదు ఇస్తారు. అంత కొద్ది గ్యాస్‌కు ఎంత కాపలానో చూడండి: రక్తంలో మెథిమోగ్లోబిన్ (ఆక్సిజన్‌ను మోయలేని హిమోగ్లోబిన్) పెరుగుతోందా, ఆక్సిజన్‌తో కలిసి విషపూరితమైన నైట్రోజన్ డయాక్సైడ్ తయారవుతోందా, సిలిండర్‌లో ఎంత మిగిలింది? హఠాత్తుగా ఆగితే ఊపిరితిత్తుల్లో రక్తపోటు మళ్లీ ఎగబాకుతుంది. అందుకే మెల్లగా తగ్గిస్తూ మాన్పిస్తారు. సిలిండర్ మార్చేటప్పుడు కూడా సరఫరా తెగకూడదు.

అయితే ఈ ఒక్క గ్యాస్‌ను చూసి కోర్సు ఎంచుకోవడం నాకు నచ్చదు. నవజాత శిశువులకు వాడేందుకు అమెరికా 1999లో అనుమతించింది. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్న పెద్దవాళ్లలో మాత్రం కొంతకాలం ఆక్సిజన్ మెరుగుపడుతుందే తప్ప, బతికేవారి సంఖ్య పెరిగినట్లు పరిశోధనల్లో తేలలేదు. పైగా ఖరీదైన చికిత్స. థెరపిస్టుకు ఎక్కువ సమయం వెంటిలేటర్లు చూసుకోవడం, కఫం తీయడం, నెబులైజేషన్‌తోనే సరిపోతుంది. రాత్రి డ్యూటీలు సరేసరి.

ఇవన్నీ తెలిసీ ఇష్టమంటే నిరభ్యంతరంగా చేర్పించండి. కాలేజీ భవనం చూసి మాత్రం ఫీజు కట్టకండి. అనుబంధ ఆసుపత్రి ఐసీయూలో ఎన్ని వెంటిలేటర్లు నడుస్తున్నాయో, విద్యార్థులకు ఎన్‌ఐసీయూలో డ్యూటీలు వేస్తారో లేదో సీనియర్లను కనుక్కోండి. ఇక్కడ ఉద్యోగాలు ఎక్కువగా పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల్లోనే ఉంటాయి, తొలి జీతం గురించి ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. గల్ఫ్ దేశాలకు వెళ్లాలంటే అక్కడి లైసెన్సు పొందాలి. అమెరికాకైతే మన డిగ్రీ ఒక్కటే చాలదు, అక్కడ గుర్తింపున్న కోర్సు చదవాల్సి ఉంటుంది.