పర్సులో ఎంత ఉంచుకోవాలి?

ప్రశ్న: మావారు ఫోను, కార్డు ఉంటే చాలంటారు. నాకేమో పర్సులో అయిదు వేలైనా లేకపోతే గడప దాటబుద్ధి కాదు. బీసెంట్ రోడ్డుకు వెళ్లినా అంతే, రైతుబజారుకు వెళ్లినా అంతే. ఎవరిది సరైన పద్ధతి?
– ఓ గృహిణి, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: అయిదు వేలు ఎక్కువ, అసలు లేకపోవడం మరీ తక్కువ. ఆ రోజు నోటు ఇస్తే తప్ప జరగని ఖర్చెంతో లెక్కేసుకుని, దానికి రెట్టింపు పెట్టుకోండి. ఆటో, పూలు, కొండమీద కొబ్బరికాయ, పేవ్‌మెంటు మీద పిన్నులూ రిబ్బన్లూ... మామూలు రోజున ఇవన్నీ కలిపి నాలుగైదు వందలు దాటవు. అంటే వెయ్యి రూపాయలు సరిపోతాయి. ఆర్టీసీ బస్సంటారా, ఉచిత ప్రయాణానికి స్త్రీ శక్తి పథకం వచ్చాక ఆడవాళ్లకు సిటీ బస్సులో కావలసింది గుర్తింపు కార్డే.

ఎంత అన్నదానికంటే ఏ నోట్లు అన్నది ముఖ్యం. రెండు 500 కాగితాలతో షేర్ ఆటో ఎక్కితే దిగేటప్పుడు గొడవే. ఒక 500, రెండు 100లు, నాలుగు 50లు, మిగిలిన వందకు పదులూ ఇరవైలూ ఉంచుకోండి. 500 నోటు లోపలి జిప్పులో ఉండాలి, చిల్లర పైఅరలో ఉండాలి. కూరల దగ్గర పర్సంతా తెరిచి వెతుక్కునే పని తప్పుతుంది.

ఏటీఎంలో 2,000 కొడితే నాలుగూ 500లే రావచ్చు. 1,900 కొట్టి చూడండి. మూడు 500లు పోను మిగిలిన 400ను వందలుగానో, రెండువందలుగానో ఇవ్వక దానికి గత్యంతరం లేదు. చిన్న నోట్లు లేని మిషనైతే ఆ మొత్తం ఇవ్వలేనని ముందే చెప్పేస్తుంది. విజయవాడ, గుంటూరు మెట్రో నగరాల జాబితాలో లేవు కాబట్టి వేరే బ్యాంకు ఏటీఎంలో నెలకు 5 సార్లు ఉచితం. బ్యాలెన్స్ చూసుకున్నా అందులో ఒకటి పోయినట్టే. అది దాటితే ఒక్కోసారికి 23 రూపాయల దాకా, పైన పన్ను.

మీవారికో మాట చెప్పండి. కార్డును ఫోను కవరు వెనక దూర్చే అలవాటుంటే మానేయమనండి. ఫోను పోయిందంటే కార్డూ, ఓటీపీ వచ్చే సిమ్మూ ఒకే దొంగ చేతిలో పడతాయి.

ప్రశ్న: పెళ్లి చీరలకు వన్‌టౌన్‌లో 60,000 బిల్లయింది. కార్డిస్తే రెండు శాతం ఎక్కువవుతుందన్నారు. ఇవ్వాల్సిందేనా?
– భవానీపురం, విజయవాడ

జవాబు: రెండు శాతమంటే 1,200 రూపాయలు. ఓ జాకెట్టు కుట్టుకూలీ పోయినట్టే! డెబిట్ కార్డయితే ఇవ్వక్కర్లేదు. రూపే డెబిట్ కార్డు మీద, యూపీఐ మీద 2020 జనవరి నుంచి దుకాణదారుకు బ్యాంకు రుసుమే లేదు. మిగతా డెబిట్ కార్డులకు రుసుముంది గాని 0.9 శాతం మించదు, దాన్ని కొనేవాళ్ల మీద వేయకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది. కొట్టువాళ్లకు నిజంగా బరువయ్యేది క్రెడిట్ కార్డు. అడిగేదీ దానికే, కానీ అన్ని కార్డులనూ ఒకే గాట కట్టేస్తారు.

బేరం మొదలుపెట్టకముందే ‘రూపే డెబిట్ తీసుకుంటారా?’ అని అడగండి. బయల్దేరేముందు బ్యాంకు యాప్‌లో దుకాణాల్లో వాడే రోజువారీ పరిమితి పెంచుకోండి. 40,000 దగ్గర ఆగి ఉంటే మిషన్ తిప్పికొడుతుంది, తప్పు కొట్టువాళ్లదనుకుంటాం. అయినా అదనం వేస్తే దాన్ని బిల్లులో విడిగా రాయమనండి. చాలాచోట్ల బేరం అక్కడితో తెగుతుంది. రాసిస్తే, స్లిప్పు పైన పేరున్న బ్యాంకుకు ఫిర్యాదు చేయొచ్చు. ఆ స్లిప్పు సిరా నెలల్లో వెలిసిపోతుంది, ఫొటో తీసి పెట్టుకోండి.

ప్రశ్న: బస్టాండ్ రద్దీలో ఎవరైనా మిషన్ ఆనించి ట్యాప్ కార్డులో డబ్బు లాగేస్తారా?
– ఓ ఉద్యోగి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: మిషన్ నాలుగు సెంటీమీటర్ల దగ్గరికి రావాలి, పైగా అది ఎవరో ఒకరి ఖాతాకు ముడిపడి ఉంటుంది కాబట్టి దొంగ దొరికిపోతాడు. అంతకంటే కార్డు పోవడమే ప్రమాదం. పిన్ లేకుండా ఒక్కోసారికి 5,000 వరకు ట్యాప్ చేయొచ్చు. యాప్‌లో కార్డు నియంత్రణల్లోకి వెళ్లి ట్యాప్‌ను ఆపేయండి, లేదా 500కు తగ్గించండి. ఆన్‌లైన్, విదేశీ వాడకాల మీటలూ అక్కడే ఉంటాయి. అక్కర్లేనివి ఆపి ఉంచండి.

పోయిందని తెలిసిన నిమిషంలో బ్లాక్ చేయండి. ఫిర్యాదు అందాక జరిగే నష్టం బ్యాంకుదే. మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా ఎవరో మోసం చేస్తే, 2017 నాటి నిబంధన ప్రకారం, మెసేజ్ వచ్చిన 3 పనిదినాల్లో చెబితే మీ మీద పైసా పడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్యనైతే మామూలు సేవింగ్స్ ఖాతాకు 10,000 దాకా మీరు భరించాలి. పిన్ మీరే ఎవరికైనా చెప్పి ఉంటే మాత్రం, ఫిర్యాదు చేసేదాకా పోయిందంతా మీదే.

ప్రశ్న: ఏటీఎంలో డబ్బు రాలేదు, ఖాతాలో మాత్రం తగ్గింది. ఆ ఏటీఎం బ్యాంకు వాళ్లు మాకు సంబంధం లేదంటున్నారు.
– తెనాలి

జవాబు: వెళ్లాల్సింది మీ కార్డిచ్చిన బ్యాంకుకు. ఏటీఎం నంబరు, తేదీ, సమయం, మొత్తం రాసివ్వండి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఖాతాలో తగ్గిన రోజు నుంచి 5 రోజుల్లో దానంతటదే తిరిగి జమ కావాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకే కలిపివ్వాలి.

ప్రశ్న: గుంటూరు యార్డులో మిర్చి అమ్మితే 3 లక్షల పైన వచ్చింది. నగదే తీసుకుంటానంటే షావుకారు ఒప్పుకోవడం లేదు. ఆయన మాట నిజమేనా?
– ఓ రైతు, ప్రత్తిపాడు

జవాబు: నిజమే, ఆయన మీ మేలే కోరుతున్నారు. ఒకరి దగ్గర ఒక రోజులో, లేదా ఒకే అమ్మకానికి, 2 లక్షలు లేదా అంతకు మించి నగదు తీసుకోకూడదు. రైతుకూ ఇది వర్తిస్తుంది. జరిమానా పడేది ఇచ్చినవాళ్ల మీద కాదు, తీసుకున్నవాళ్ల మీద, అదీ తీసుకున్నంత మొత్తం! ఇవాళ లక్షన్నర, రేపు లక్షన్నర అని ఒకే సరుకు డబ్బును విడగొట్టినా లెక్క మారదు. ఆర్టీజీఎస్, అంటే పెద్ద మొత్తాన్ని ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు నేరుగా పంపే పద్ధతిలో, చేయించుకోండి. అది 2 లక్షల నుంచి మొదలవుతుంది, 2020 డిసెంబరు నుంచి రాత్రీపగలూ పనిచేస్తోంది. పాస్‌బుక్కు మొదటి పేజీ నకలు ఇవ్వండి, ఖాతా నంబరు నోటితో చెప్పొద్దు. ఒక అంకె తేడా వస్తే సొమ్ము వేరేవాళ్ల ఖాతాలో పడుతుంది. కూలీలకు, లారీ కిరాయికి కావలసినంత మాత్రం నగదు తీసుకోండి. ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో 50,000 మించి ఉంటే తనిఖీలో ఆపుతారు, సరుకు చీటీ వెంట ఉండాలి.

ప్రశ్న: 500 నోటు ఓ పక్క చిరిగి ముక్క పోయింది. ఎవరూ తీసుకోవడం లేదు.
– కొత్తపేట, గుంటూరు

జవాబు: ఏ బ్యాంకు శాఖలోనైనా మార్చుకోవచ్చు, ఖాతా ఉండక్కర్లేదు. నోటు పొడవు 15 సెంటీమీటర్లు. స్కేలు పెట్టి కొలవండి. నిలువుగా చిరిగి ఉంటే, ఒకే ముక్కగా 12 సెంటీమీటర్లకు పైగా మిగిలితే మొత్తం 500 ఇస్తారు. ఆరుకూ పన్నెండుకూ మధ్యనైతే సగం. ఆరు కంటే తక్కువైతే ఏమీ రాదు. గమ్ టేపు అతికించి తీసుకెళ్లొద్దు.