ఏసీ డిజైన్‌లోకి వెళ్లాలంటే ముందు ఒక గది లెక్క కట్టండి

ప్రశ్న: మెకానికల్ ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. ఏసీ డిజైన్ రంగంలోకి వెళ్లాలనుంది. హీట్ లోడ్ (గదిలోంచి ఏసీ తీసేయాల్సిన వేడి) లెక్కించే సాఫ్ట్‌వేర్ కోర్సు ఒక్కటి చేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. సాఫ్ట్‌వేర్ మీరిచ్చిన అంకెలతోనే లెక్క కడుతుంది. అంకె తప్పయితే పసిగట్టాల్సింది మీరే. అందుకే ముందు ఒక గదికి చేత్తో లెక్క వేయండి.

8 మంది పనిచేసే గది, పడమటి వైపు 6 చదరపు మీటర్ల అద్దం అనుకోండి. సాయంత్రం 4 గంటలకు చదరపు మీటరుకు 600 వాట్ల ఎండ పడుతోంది. అందులో లోపలికి చేరే వంతును ఎస్‌హెచ్‌జీసీ అంటారు. అది 0.6 అయితే 6 × 600 × 0.6 = 2,160 వాట్లు. 0.3 ఉన్న అద్దం బిగిస్తే ఇందులో సగమే. కూర్చుని పనిచేసే మనిషి సుమారు 75 వాట్ల సెన్సిబుల్ వేడి (గాలి ఉష్ణోగ్రతను పెంచేది), తేమ రూపంలో మరో 55 వాట్ల లేటెంట్ వేడి వదులుతాడు. 8 మందికి 600, 440.

కొత్తవాళ్లు తప్పు చేసేది మనుషుల కోసం లోపలికి తెచ్చే బయటి గాలి దగ్గర. మనిషికి సెకనుకు 10 లీటర్ల చొప్పున 80 లీటర్లు. సెకనుకు ఒక లీటరు గాలిని ఒక డిగ్రీ చల్లబరచడానికి సుమారు 1.2 వాట్లు పడుతుంది. బయట 38, లోపల 24 డిగ్రీలైతే 1.2 × 80 × 14 = 1,344 వాట్లు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అదే గాలిలోంచి కిలోకు ఒక గ్రాము తేమ తీయాలంటే సెకనుకు లీటరుకు సుమారు 3 వాట్లు. బయటి గాలిలో కిలోకు 8 గ్రాముల తేమ ఎక్కువుంటే 3 × 80 × 8 = 1,920 వాట్లు. వేడిని తగ్గించడం కంటే తేమను తీయడానికే ఎక్కువ పడుతోంది, చూడండి.

ఇప్పటికే 6,464 వాట్లు. ఏసీ సామర్థ్యాన్ని కొలిచే టన్నుకు 3,517 వాట్ల చొప్పున 1.84 టన్నులు. గోడలు, పైకప్పు, లైట్లు, కంప్యూటర్లు ఇంకా కలపలేదు. కంప్యూటర్లకు నేమ్‌ప్లేట్ మీది వాట్లు వేయకండి, నిజంగా లాగేది అంతకంటే బాగా తక్కువ. మందపాటి కాంక్రీటు మధ్యాహ్నం ఎండను కొన్ని గంటలు ఆగి లోపలికి వదులుతుంది. కాబట్టి లెక్క గంటగంటకూ వేయాలి. సాఫ్ట్‌వేర్ నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే.

భయపడి టన్నులు పెంచేయడం కూడా తప్పే. పెద్ద మెషీన్ గదిని త్వరగా చల్లబరిచి ఆగిపోతుంది, తేమ తీసే వ్యవధి ఉండదు. గది చల్లగానే ఉంటుంది కానీ జిడ్డుగా అనిపిస్తుంది. మొత్తం భవనానికి చిల్లర్ (ఏసీలకు నీటిని చల్లబరిచి పంపే పెద్ద యంత్రం) ఎంచేటప్పుడు గదుల గరిష్ఠాలన్నీ కూడేయకండి. తూర్పు గదులకు గరిష్ఠం ఉదయం, పడమటి గదులకు సాయంత్రం వస్తుంది.

కోర్సులో చేరేలోపు సైక్రోమెట్రిక్ చార్ట్ (గాలి ఉష్ణోగ్రత, తేమల సంబంధాన్ని చూపే పటం) చదవడం తప్పక నేర్చుకోండి. ఆ తర్వాత ఒకే భవనాన్ని చేత్తోనూ సాఫ్ట్‌వేర్‌లోనూ లెక్కించి, తేడా ఎక్కడ వచ్చిందో రెండు పేజీల్లో రాయండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్‌కు ముందు ఆ రెండు పేజీలు చూపించండి.