అద్దె ఇల్లు వేలానికి వస్తే పిల్లలు ఏం చేయాలి?

సందేహం: మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. మా అబ్బాయి న్యూజెర్సీలో ఎమ్మెస్ చదువుతూ, నాలుగు వాటాలున్న ఇంట్లో ఒక వాటాను మరో ముగ్గురు తెలుగు పిల్లలతో కలిసి అద్దెకు తీసుకున్నాడు. యజమాని కూడా మన జిల్లావారే, వేరే ఊళ్లో ఉంటారు. ఆయన బ్యాంకు అప్పు తీర్చలేదని, ఆ ఇంటిని షెరిఫ్ (కోర్టు ఉత్తర్వులు అమలు చేసే అక్కడి అధికారి) వేలం వేస్తున్నారని తలుపుకు కాగితం అంటించారట. లీజు ఇంకా 8 నెలలు ఉంది. వెంటనే ఖాళీ చేయాలా? ఈ నెల అద్దె కట్టాలా, మానాలా? వీసాకు ఏమైనా ఇబ్బంది ఉంటుందా?

సమాధానం: అయ్యా, ఖాళీ చేయనక్కరలేదు, అద్దె మానకూడదు. ముందు ఈ రెండు మాటలు అబ్బాయికి ఫోన్ చేసి చెప్పి, మిగిలినది తీరిగ్గా చదవండి.

మీ కంగారు నాకు అర్థమవుతుంది. మన విశాఖలో బ్యాంకువారు పత్రికలో స్వాధీన ప్రకటన వేసి, దాని నకలు గేటుకు అంటించారంటే అద్దెకున్నవారు సామాను సర్దుకోవడం మొదలుపెడతారు. బాకీపడినవారి ఆస్తిని బ్యాంకులు స్వాధీనం చేసుకునేందుకు వీలిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టానికి 2016లో చేసిన సవరణ వల్ల అద్దెదారు కూడా రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్లి తన మాట చెప్పుకోవచ్చు. అయితే రిజిస్ట్రేషన్ లేని 11 నెలల అగ్రిమెంటు చేతిలో పట్టుకుని అంతదూరం వెళ్లే ఓపిక ఎందరికి ఉంటుంది? ఆ భయాన్నే పిల్లలు ఇక్కడ అమెరికాకూ మోసుకొస్తారు. ఇక్కడి చట్టం వేరు.

గృహరుణాల సంక్షోభంలో యజమానులు అప్పు ఎగ్గొట్టిన ఇళ్లలో, నెలనెలా అద్దె కడుతున్నవారు కూడా రోడ్డున పడుతుంటే, 2009 మే నెలలో అమెరికా కేంద్ర ప్రభుత్వం ఫోర్‌క్లోజర్ ఇళ్లలోని (అంటే అప్పు తీరక బ్యాంకు వేలానికి పెట్టినవాటిలోని) అద్దెదారులకు రక్షణ చట్టం తెచ్చింది. 2014 చివరితో దాని గడువు తీరిపోగా, 2018లో మళ్లీ తెచ్చి శాశ్వతం చేశారు. దాని ప్రకారం వేలంలో ఇల్లు దక్కించుకున్నవారు, అది బ్యాంకే అయినా సరే, ఖాళీ చేయించదలిస్తే కనీసం 90 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఇల్లు చేతులు మారకముందే రాసుకున్న లీజు ఉంటే, దాని గడువు ముగిసేదాకా ఉండనివ్వాలి. కొన్నవారు ఆ ఇంట్లో తామే కాపురం ఉండబోతే మాత్రం లీజును మధ్యలో ముగించవచ్చు, అప్పుడు కూడా 90 రోజుల నోటీసు తప్పదు. రాతకోతలు లేకుండా నెలవారీగా ఉంటున్నవారికి కూడా ఆ 90 రోజులు వర్తిస్తాయి. ఇప్పుడు తలుపుకు అంటించినది వేలం ప్రకటన మాత్రమే, ఆ 90 రోజుల లెక్క దానితో మొదలు కాదు.

మీ అబ్బాయి ఉన్న రాష్ట్రం ఇంకొక మెట్టు పైన ఉంది. న్యూజెర్సీలో 1974 నుంచి ఉన్న చట్టం ప్రకారం, చట్టంలో చెప్పిన కారణాలలో ఏదో ఒకటి చూపితే తప్ప అద్దెదారుణ్ణి ఖాళీ చేయించకూడదు. యజమాని అప్పు తీర్చకపోవడం ఆ కారణాలలో లేదు. ఫోర్‌క్లోజర్ ద్వారా ఇల్లు పొందిన బ్యాంకు కూడా దీనికి కట్టుబడాలని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1994లోనే తీర్పు చెప్పింది. యజమాని తానూ అదే ఇంట్లో ఉంటూ రెండు వాటాలకు మించకుండా అద్దెకు ఇచ్చిన చోట మాత్రం ఈ చట్టం వర్తించదు. మీరు చెప్పిన ఇల్లు అలాంటిది కాదు.

ఇక మనవాళ్ల అలవాట్ల సంగతి. పైన చెప్పిన 2009 నాటి కేంద్ర చట్టం నిజమైన అద్దెదారులకే రక్షణ ఇస్తుంది. అప్పు తీసుకున్న యజమాని భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు దాని కిందికి రారు. బావమరిదో మేనల్లుడో అయితే ఆ జాబితాలో లేకపోయినా, పరాయివారి మధ్య జరిగినట్టే బేరం జరిగిందా, అద్దె ఆ చుట్టుపక్కల రేటుకు మరీ తక్కువగా ఉందా అని చూస్తారు. ‘మనవాడే కదా, కాగితం ఎందుకు?’ అని బేస్‌మెంటులో సగం అద్దెకు ఉన్నవాడు ఇక్కడే ఇరుక్కుంటాడు. అంతకంటే ఎక్కువగా కనిపించేది, నలుగురు ఉంటున్న ఇంట్లో లీజు మీద ఒక్కడి పేరే ఉండి, మిగిలిన ముగ్గురూ అతనికి ఫోన్‌లో డబ్బు పంపి ఊరుకోవడం. ‘రెంట్, మార్చి’ అని చిన్న మాటైనా రాయకుండా పంపిన సొమ్ము రేపు కోర్టులో చేబదులులా కనిపిస్తుంది. మీ అబ్బాయి పేరు లీజులో ఉందో లేదో ముందు అడగండి. లేకపోతే, ఎవరు ఎప్పటినుంచి ఉంటున్నారో, అద్దెలో ఎవరి వంతు ఎంతో నలుగురూ కాగితం మీద రాసి సంతకాలు పెట్టుకుని, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆ చిరునామాకు వచ్చిన బిల్లులు దానికి జతచేసి ఉంచుకోవడం మంచిది. వేలం మాట విన్నాక పాత తేదీ వేసి కొత్త లీజు పుట్టించే తెలివి మాత్రం ఎవరు చెప్పినా వినవద్దు.

ఇల్లు చేతులు మారేదాకా అద్దె పాత యజమానికే కట్టాలి. ఈలోగా అద్దెలు వసూలు చేయడానికి కోర్టు రిసీవర్‌ను నియమిస్తే, ఆ ఉత్తర్వు నకలు చూసి అతనికి కట్టాలి. ‘కొత్త ఓనర్ని నేనే’ అంటూ ఎవరో ఫోన్ చేసినంత మాత్రాన డబ్బు పంపరాదు. దస్తావేజు నకలు అడిగి, కౌంటీ (అక్కడి జిల్లా) క్లర్క్ కార్యాలయ రికార్డులతో సరిచూసుకోవాలి. ఎవరికి కట్టాలో తేలని నెలలో ఆ సొమ్మును ఖర్చు చేయకుండా విడిగా ఉంచి, అద్దె సిద్ధంగా ఉందని ఇరుపక్షాలకూ సర్టిఫైడ్ మెయిల్‌లో తెలియజేయాలి. నగదు చేతికి ఇవ్వడం ఏ పరిస్థితిలోనూ వద్దు. సెక్యూరిటీ డిపాజిట్ గురించి దిగులు పడకండి: న్యూజెర్సీలో పాత యజమాని దానిని అప్పగించినా అప్పగించకపోయినా కొత్త యజమానే దానికి బాధ్యుడు. ఈ నిబంధన రాష్ట్రానికో రకంగా ఉంటుంది.

వేలం తరువాత బ్యాంకు తరఫున ఒక బ్రోకరు మర్యాదగా తలుపు తట్టి, ఫలానా తేదీలోగా తాళాలు ఇస్తే కొంత సొమ్ము ఇస్తామంటూ కాగితం చాపవచ్చు. అది బేరమే, ఉత్తర్వు కాదు. సెమిస్టరు మధ్యలో కొత్త ఇంటికి కట్టవలసిన డిపాజిట్, సామాను రవాణా ఖర్చులు లెక్కవేసి, గిట్టుబాటైతేనే ఒప్పుకోవచ్చు. అప్పుడైనా తాళాలు ఇచ్చే చేత్తోనే చెక్కు అందుకోవాలి. తాళం మార్చినా, కరెంటు కోసినా పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు. కోర్టు ఉత్తర్వుతో వచ్చే అధికారికి తప్ప ఇంకెవరికీ ఖాళీ చేయించే అధికారం లేదు.

యజమాని అప్పు ఎగ్గొట్టడం అబ్బాయి వీసాకు గాని, క్రెడిట్ స్కోరుకు గాని అంటదు. కోర్టు నుంచి ఎవిక్షన్ (ఖాళీ చేయించే కేసు) సమన్లు వస్తే మాత్రం వాయిదాకు తప్పక వెళ్లాలి. కేంద్ర చట్టం ఇచ్చిన రక్షణ ఉపయోగపడేది అక్కడే, జడ్జి ముందు లీజు చూపించి అడిగినప్పుడు. వెళ్లకపోతే ఎదుటివారు అడిగినట్టే తీర్పు వస్తుంది, ఆ కేసు 7 ఏళ్ల దాకా, ఇల్లు ఇచ్చేముందు యజమానులు తెప్పించుకునే అద్దెదారుల నివేదికల్లో కనిపిస్తూ కొత్త ఇల్లు దొరకనివ్వదు. ఎప్పుడు ఇల్లు మారినా 10 రోజుల్లోగా యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి కొత్త చిరునామా ఇవ్వాలి. వీసాకు ఇబ్బంది తెచ్చేది ఈ మరుపే.

డాలస్ వైపు వెళ్లే పిల్లల తల్లిదండ్రులు వేరే సంగతి గుర్తు పెట్టుకోవాలి. డాలస్ ఉన్న టెక్సస్ రాష్ట్రంలో కోర్టు కేసు లేకుండానే, 21 రోజుల ప్రకటనతో, నెలలో మొదటి మంగళవారం నాడు ఇళ్లను వేలం వేస్తారు. న్యూజెర్సీ చట్టం వంటి అండ అక్కడ లేదు కనుక కేంద్ర చట్టం ఇచ్చే రక్షణే ఆధారం.

న్యాయ సహాయానికి ముందుగా యూనివర్సిటీలోనే అడగమనండి, చాలాచోట్ల విద్యార్థులకు ఉచితంగా సలహా ఇచ్చే న్యాయవాది ఉంటారు. బయటి ఉచిత న్యాయ సహాయ సంస్థలలో కొన్ని వీసా రకాన్ని బట్టి కేసు తీసుకోవు కనుక, ఆ సంగతి ఫోన్‌లోనే కనుక్కోవాలి. వెళ్లేటప్పుడు లీజు, అద్దె కట్టిన రుజువులు, తలుపు మీది కాగితం ఫొటో, టపాలో వచ్చిన ప్రతి నోటీసూ దాని కవరుతో సహా తీసుకువెళ్లాలి. ఎప్పుడు పంపారన్న వివాదం వస్తే కవరు మీది తపాలా ముద్రే సాక్ష్యం.