మాంచెస్టర్ మేయర్‌కి అధికారాలు ఇచ్చారంటారు కదా, అక్కడ ఉండేవాళ్లకి నిజంగా తేడా తెలిసిందా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ఇంగ్లండ్‌లో కంబైన్డ్ అథారిటీ అంటే మన రాష్ట్ర ప్రభుత్వం లాంటిదా అని ఒకటి, లండన్‌లోని కేంద్ర ప్రభుత్వం నుంచి అధికారాలు, డబ్బు కిందికి వచ్చాక మామూలు మనిషికి ఏమైనా మారిందా అని రెండోది. నేను 2012 నుంచి మాంచెస్టర్ పక్కనున్న బోల్టన్‌లో ఉంటున్నాను. కారు కొన్నది చాలా ఆలస్యంగా, కాబట్టి నా జవాబులో సగం బస్సుల గోలే ఉంటుంది, ముందే చెప్తున్నా.

మొదటిదానికి జవాబు: కాదు, దగ్గర్లో కూడా లేదు. గ్రేటర్ మాంచెస్టర్ అంటే మన మునిసిపాలిటీల్లాంటి పది కౌన్సిళ్లు (మాంచెస్టర్, సాల్ఫర్డ్, బోల్టన్, స్టాక్‌పోర్ట్, విగన్ వగైరా), మొత్తం 28 లక్షల పైచిలుకు జనం. 2011 ఏప్రిల్‌లో ఈ పది కలిసి కంబైన్డ్ అథారిటీ అయ్యాయి. అంటే కౌన్సిళ్లు పోలేదు, చెత్తబుట్ట తీసుకెళ్లకపోతే ఇప్పటికీ బోల్టన్ కౌన్సిల్‌నే అడగాలి. పది మంది కౌన్సిల్ లీడర్లు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు, 2017 నుంచి వాళ్లతోపాటు జనం నేరుగా ఓటేసి గెలిపించిన మేయర్ పదకొండోవాడు. వీళ్లు చట్టాలు చేయలేరు, స్కాట్లాండ్ పార్లమెంట్‌తో పోల్చకండి. ఈ అధికారాలు ఇచ్చింది లండన్ పార్లమెంట్, కావాలంటే అదే తీసేసుకోగలదు. ఊరికే అనడం లేదు, 1974లో ఇక్కడ గ్రేటర్ మాంచెస్టర్ కౌంటీ కౌన్సిల్ అని ఒకటి పెట్టి, 1986 ఏప్రిల్ 1న థాచర్ ప్రభుత్వం దాన్ని రద్దు చేసేసింది.

మనవైపు పోలిక చెప్పాలంటే హెచ్‌ఎండీఏ పరిధి గుర్తు తెచ్చుకోండి, కానీ దానికి చైర్మన్ ముఖ్యమంత్రి. హైదరాబాద్‌లో మేయర్ ఉన్నా నడిపించేది కమిషనర్, నీళ్లు వాటర్ బోర్డువి, బస్సులు ఆర్టీసీవి, పోలీసులు రాష్ట్రానివి. ఇక్కడ బస్సులు, ఫైర్ సర్వీసు, పోలీసు కమిషనర్ బాధ్యతలు మేయర్ కిందికి వచ్చాయి. ఒక తమాషా ఏంటంటే 2012 మేలో మాంచెస్టర్ సిటీలో మేయర్ కావాలా అని ఓటింగ్ పెడితే జనం వద్దన్నారు. 2014 నవంబర్లో అప్పటి ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్ వచ్చి, ఈసారి పది కౌన్సిళ్లకీ కలిపి ఒక మేయర్‌ని ఒప్పుకుంటే అధికారాలిస్తానన్నాడు, లీడర్లు సంతకం పెట్టారు. జనాన్ని మళ్లీ ఎవరూ అడగలేదు!

ఇక బస్సులు. 1986 అక్టోబర్లో లండన్ తప్ప మిగతా ఇంగ్లండ్ అంతా బస్సుల్ని ప్రైవేటు కంపెనీలకి వదిలేశారు, ఏ రూట్లో తిప్పాలో ఎంత టికెట్ పెట్టాలో కంపెనీ ఇష్టం. నేను వచ్చిన కొత్తలో ట్రాఫర్డ్ పార్క్‌లో ఒక గోడౌన్‌లో సాయంత్రం షిఫ్టు చేసేవాణ్ణి. బోల్టన్ నుంచి ఒక కంపెనీ బస్సు, దిగాక ఇంకో కంపెనీ బస్సు, ఈ వారం పాసు ఆ బస్సులో చెల్లదు, అన్ని కంపెనీలకీ చెల్లే పాసు ఉంది గానీ దాని రేటు ఎక్కువ. ఒక చలికాలం రాత్రి చివరి బస్సు తీసేస్తున్నామని స్టాప్‌లో కాగితం అంటించారు. కంపెనీకి ఫోన్ చేస్తే గిట్టుబాటు కావట్లేదన్నారు, ప్రభుత్వ ఆఫీసుకి చేస్తే అది కంపెనీ నిర్ణయం మా చేతుల్లో ఏం లేదన్నారు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు పాపం. నాకు మాత్రం ఆ ఏడాదంతా గోడౌన్‌లో పనిచేసే ఒక పంజాబీ పెద్దాయన కార్లో ఇంటికి రావడం, పెట్రోలుకి ఆయనకి వారానికింతని ఇవ్వడం.

2017లో కొత్త చట్టం వచ్చి, మేయర్ ఉన్న ప్రాంతాలకి బస్సుల్ని తమ అదుపులోకి తెచ్చుకునే అధికారం ఇచ్చింది. చూశారా, చట్టం వచ్చింది 2017లో, ఆండీ బర్నమ్ మేయర్‌గా నిర్ణయం ప్రకటించింది 2021 మార్చిలో, రెండు కంపెనీలు కోర్టుకెళ్లి 2022లో ఓడిపోయాయి, మా బోల్టన్‌కి అథారిటీ అదుపులో నడిచే పసుపు రంగు బస్సు వచ్చింది 2023 సెప్టెంబర్ 24న. మొదటి విడత మేము, విగన్. ఆఖరి విడత 2025 జనవరి 5. మొదటి రోజు పనిగట్టుకుని ఎక్కాను. అదే రూటు, అదే డ్రైవరు, రంగు ఒక్కటే మారింది. ఇదేనా ఇంత హడావిడి చేసింది అనుకున్నా. తేడా మెల్లగా తెలిసింది. ఇప్పుడు బస్సు నడిపే కంపెనీకి కాంట్రాక్టు ప్రకారం డబ్బులిస్తారు, టికెట్ల డబ్బు అథారిటీకి పోతుంది, రూటు, టైము, రేటు అన్నీ అథారిటీవే, నష్టమొచ్చినా అథారిటీదే. 2025 జనవరిలో ఇంగ్లండ్ అంతా టికెట్ పరిమితి 2 పౌండ్ల నుంచి 3కి పెంచితే ఇక్కడ 2 దగ్గరే ఉంచారు. ఆ 2 పౌండ్లతోనే గంటలోపు ఎన్ని బస్సులు మారినా పర్లేదు. పాత రోజుల్లో ఇది ఉంటే నాకు పెట్రోలు డబ్బులు మిగిలేవి. ఇప్పుడు మా వీధిలో బస్సు రాకపోతే జనం మేయర్‌ని పేరు పెట్టి తిడతారు. నాకు అన్నిటికన్నా పెద్ద మార్పు అదే అనిపిస్తుంది, ఎందుకంటే ఆ చలికాలం నాకు తిట్టుకోవడానికి కూడా మనిషి దొరకలేదు.

ఇంత బాగుందా అంటే, డబ్బు దగ్గరికొచ్చేసరికి కథ వేరు. 2020 అక్టోబర్ గుర్తుందా, కోవిడ్ కోసం గ్రేటర్ మాంచెస్టర్‌ని కఠినమైన మూడో అంచెలో పెడతామన్నారు, పబ్బులు మూత. ఇక్కడివాళ్లు కనీసం 6.5 కోట్ల పౌండ్ల సాయం కావాలన్నారు, లండన్ 6 కోట్ల దగ్గర ఆగింది, చర్చలు విరిగిపోయాయి. బర్నమ్ వీధిలో నిలబడి విలేకరులతో మాట్లాడుతుండగా పక్కనున్నవాళ్లు ఫోన్ చూపించారు, 2.2 కోట్లే ఇస్తున్నారట అని. నేను టీవీలో లైవ్ చూశాను. ఆ 6 కోట్లు ఇంకా ఉన్నాయని తర్వాత లండన్ చెప్పింది, అది వేరే సంగతి. అంతమంది ఓట్లేసి గెలిపించిన మనిషికి తన ఊరికి ఎంత వస్తుందో పక్కవాడి ఫోన్లో చూసి తెలియడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అప్పటికంటే ఇప్పుడు కొంత నయం. ఇదివరకు సైకిల్ ట్రాక్‌కి ఒక పద్దు, స్కిల్స్ ట్రైనింగ్‌కి ఒక పద్దు, ఇళ్లకి ఒక పద్దు, చాలావాటికి లండన్‌కి దరఖాస్తు రాసి వేరే ఊళ్లతో పోటీపడి తెచ్చుకోవాలి. 2025 ఏప్రిల్ నుంచి గ్రేటర్ మాంచెస్టర్‌కి, వెస్ట్ మిడ్‌లాండ్స్‌కి చాలా పద్దులు కలిపి ఒకే మూటగా ఇస్తున్నారు, మాకు మొదటి ఏడాది సుమారు 63 కోట్ల పౌండ్లు. లోపల కొన్ని హద్దుల మధ్య అటూఇటూ మార్చుకోవచ్చు. కానీ మూట ఎంత పెద్దదో ఇప్పటికీ లండన్ ఖజానావాళ్లే తేలుస్తారు. ఇన్‌కమ్ ట్యాక్స్ వేసే అధికారం మేయర్‌కి లేదు, కౌన్సిల్ ట్యాక్స్ మీద కొంచెం అదనంగా వేసుకోవచ్చు, నా బిల్లులో దానికి వేరే లైన్లే ఉంటాయి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, అలా ఉంటుంది.

ఇంకో ఉదాహరణ మా ఇంట్లోదే. ఐఎల్‌ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చాక మా ఆవిడ కాలేజీలో పెద్దవాళ్ల మ్యాథ్స్ కోర్సు చేసింది, ఫీజు లేదు. ఫారం మీద కంబైన్డ్ అథారిటీ లోగో చూసి, ఓహో మేయర్ ఇప్పించాడన్నమాట అనుకున్నాం. పెద్దల చదువుల బడ్జెట్ 2019 ఆగస్టు నుంచి వీళ్ల చేతికి వచ్చిన మాట నిజమే, కానీ ఇంగ్లిష్, మ్యాథ్స్ బేసిక్ కోర్సులు ఉచితంగా ఇవ్వాలని చట్టంలోనే ఉంది, అంటే డబ్బు లండన్ నుంచే నేరుగా వచ్చినా ఆవిడకి ఫీజు ఉండేది కాదు. లోగో మారింది, అంతే. ఆరోగ్యం సంగతీ దాదాపు అదే. 2016లో ఏడాదికి 600 కోట్ల పౌండ్ల ఆరోగ్య బడ్జెట్ మాంచెస్టర్ చేతికి అని పెద్ద పెద్ద హెడ్డింగులు పెట్టారు, మా జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్) అపాయింట్‌మెంట్‌కి పట్టే టైము మాత్రం ఒక్క రోజు తగ్గలేదు.

అడ్డు లండన్ ఒక్కటే కాదు, లోపల కూడా ఉంది. ఇళ్లు ఎక్కడ కట్టాలో పది కౌన్సిళ్లకీ కలిపి ఒక ప్లాన్ తయారుచేశారు, దానికి పదీ సరేనాలి. 2020 డిసెంబర్లో స్టాక్‌పోర్ట్ గ్రీన్ బెల్ట్ (ఇళ్లు కట్టకుండా ఊరి చుట్టూ వదిలిన) భూమి ఇవ్వం అని బయటికెళ్లింది, ప్లాన్ పోయింది, మిగతా తొమ్మిది మళ్లీ మొదలుపెట్టి 2024 మార్చికి ముగించాయి. అందుకే ఎక్కడైనా మేయర్‌కి ఫలానా అధికారం ఇచ్చారు అని చదివితే, ఎవరు కాదంటే ఆ పని ఆగిపోతుంది అని వెతకండి. బస్సుల్లో ఆఖరి మాట మేయర్‌ది, అందుకే ఏళ్లు పట్టినా పని జరిగింది.

మీరు స్టూడెంట్ వీసా మీద సెప్టెంబర్లో వస్తున్నానని రాశారు కాబట్టి ఒక్కటి. భారతీయ పాస్‌పోర్ట్ ఉన్నా ఇక్కడ మీకు ఓటుంటుంది, కామన్వెల్త్ దేశం కాబట్టి, మేయర్ ఎన్నికలకి కూడా. నేను 2017లో మొదటిసారి వేశాను, అప్పటికి నాకు వర్క్ వీసానే. మా రూమ్మేట్లు నన్ను నమ్మక, పోలీసులు పట్టుకుంటార్రా అన్నారు. పోలింగ్‌కి 29 శాతం మందే వచ్చారు, మా బూత్‌లో క్యూ అన్నదే లేదు. అడ్రస్ దొరకగానే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోండి, ఓటు వేసేటప్పుడు ఫొటో ఐడీ అడుగుతారు, మన పాస్‌పోర్ట్ సరిపోతుంది.