రైఫిల్ తూటాల్లో నింపే మందు పాతబడితే ఏమవుతుంది?

అమెరికాలో ఉంటూ తూటాలు రీలోడ్ చేసుకునేవారు (కాల్చిన తూటా తొడుగుల్లో మళ్లీ మందు నింపుకునేవారు) ఒకరు అడిగారు: పదేళ్ల నాటి డబ్బాలో మిగిలిన మందును కొత్తదానితో కలపొచ్చా అని. కలపొద్దు. ఒకే కంపెనీ, ఒకే పేరు అయినా సరే.

ఇప్పటి తూటాల్లో వాడే పొగరాని మందులో ముఖ్యమైనది నైట్రోసెల్యులోజ్. తయారైన రోజు నుంచే అది మెల్లగా విడిపోతూ నైట్రోజన్ ఆక్సైడ్లు వదులుతుంది. వాటిని పట్టి ఉంచడానికే డైఫినైలమైన్ లాంటిది కలుపుతారు. అది కాస్తా అయిపోతే, పుట్టిన ఆమ్లమే మిగతా మందును తినేస్తుంది. వేడికి ఇదంతా ఇంకా త్వరగా జరుగుతుంది. 1911లో తూలోన్ రేవులో ఫ్రెంచి యుద్ధనౌక లిబెర్తే పేలిపోయింది ఇలా చెడిన మందు వల్లే.

మంచి మందు మూత తీస్తే ఈథర్, స్పిరిట్ లాంటి వాసన వస్తుంది. ముక్కు మండే పుల్లటి ఘాటు, తుప్పురంగు పొడి, ఎర్రటి ఆవిరి కనిపించాయా, ఇక దాన్ని వాడకండి.

చెడిపోకపోయినా తేడాలుంటాయి. లాట్ నంబరు (ఒక విడతలో తయారైన మందుకు కంపెనీ ఇచ్చే నంబరు) మారితే మండే వేగం కొద్దిగా మారుతుంది. మూత వదులై తేమ ఆరిపోయిన మందు ఇంకా వేగంగా మండి, ఒత్తిడి పెంచుతుంది. అందుకే కొత్త లాట్ తెరిచిన ప్రతిసారీ రీలోడింగ్ మాన్యువల్‌లో ఇచ్చిన ప్రారంభ మోతాదు నుంచే మళ్లీ మొదలుపెట్టండి.